పదకొండోసారి వచ్చిన పాస్

ఆస్పత్రిలో ఆమెను అందరూ చెవులమ్మ అనేవాళ్ళు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది గానీ, ఆ పేరుతో ఎవరైనా పిలిచి పదేళ్ళు దాటింది. రెండో అంతస్తులో బాలింతల వార్డు చివర, ఒకప్పుడు దుప్పట్లు దాచుకున్న గది ఆమెది. కిటికీ లేదు. గోడలకు పాత పరుపులు ఆనించి మేకులు కొట్టారు. తలుపు సందులకు రబ్బరు పట్టీ. లోపల ఒక మంచం, ఒక కుర్చీ, ఒక బల్ల, బల్ల మీద అరచేయంత యంత్రం. పరీక్ష జరుగుతున్నంతసేపూ ఫ్యాను ఆపాలి, ఆ చప్పుడు కూడా యంత్రానికి పడదు. ఎండాకాలంలో ఆ గదిలో అరగంట కూర్చుంటే మనిషి ఉడికిపోతాడు. ఆమె పదమూడేళ్ళు కూర్చుంది.

కోరి కూర్చోలేదు లెండి. అంతకుముందు ఆ ఆస్పత్రిలో పసిపిల్లల చెవుల గురించి పట్టించుకున్న నాథుడు లేడు. మరీ అనుమానం వస్తే స్టీలు గిన్నె మీద చెంచాతో టంగుమని కొట్టి, బిడ్డ రెప్ప కొడితే వినపడుతోందని తేల్చేసేవాళ్ళు. మొహానికి గాలి తగిలినా రెప్ప కొడుతుంది కదా అని అడిగినవాళ్ళు లేరు. రెండేళ్ళకు మాటలు రాకపోతే, వాళ్ళ నాన్నక్కూడా ఆలస్యంగానే వచ్చాయని నాన్న మీదికి నెట్టేసేవాళ్ళు. మూడో ఏడు కూడా గడిచిపోయాక ఎవరో ఒకరు పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళేవాళ్ళు. అప్పటికి మాట పట్టుబడే వయసు కాస్తా దాటిపోయేది. అలాంటి పిల్లల్ని చూసీ చూసీ విసిగిపోయిన పైవాళ్ళెవరో, పుట్టిన ప్రతి బిడ్డకూ చెవి పరీక్ష చేయాల్సిందేనని పట్టుబట్టి యంత్రం పంపించారు. అది అట్టపెట్టెలోంచి బయటికి రాకుండా నాలుగు నెలలు పడుంది. ఎవరూ ముట్టుకోలేదు. ఆమెకు అప్పుడు నడుం నొప్పి, వార్డులో బరువులెత్తలేకపోతోంది. కూర్చుని చేసే పని ఉంది, చేస్తావా అన్నారు. ఆమె చేస్తానంది. ఆ ఒక్క మాటకు పదమూడేళ్ళు.

శిక్షణ ఇవ్వడానికి ఒక టీచరమ్మ ఆరు రోజులు వచ్చింది. మెత్తటి రబ్బరు బిరడా నిద్రపోతున్న బిడ్డ చెవిలో పెట్టి మీట నొక్కితే, యంత్రం టిక్ టిక్‌మని చిన్న చప్పుడు పంపుతుంది. లోపలి చెవి బాగుంటే దానికి ప్రతిధ్వని తిరిగొస్తుంది. యంత్రం దాన్ని పట్టుకుని ‘పాస్’ అంటుంది. పట్టుకోలేకపోతే ‘రిఫర్’ అంటుంది. రిఫర్ అంటే చెవుడని కాదు, ఇంకా చూడాలని. పుట్టినప్పటి నీరు చెవిలో మిగిలున్నా రిఫరే. అందుకని రెండు వారాల తర్వాత మళ్ళీ రమ్మనాలి. మొదటి నెలలో పరీక్ష, మూడో నెలలోపు లోపమేదో తేల్చడం, ఆరో నెల నిండేలోపు చెవికి మిషను. ఆ ఆరు నెలల గీత దాటనివ్వకూడదని టీచరమ్మ బోర్డు మీద సుద్దముక్క విరిగేలా రాసింది.

ఇంకో మాట కూడా చెప్పింది. ఒక చెవికి రెండుసార్లే నొక్కాలి. మూడోసారి వద్దు. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు యంత్రం పొరబడే వీలు ఇచ్చినట్టు. బిడ్డ మింగిన గుటకో, బయట తోపుడుబండి చక్రమో ఎప్పుడో ఒకసారి ప్రతిధ్వని లెక్కలో పడిపోతుంది, పాస్ కొట్టేస్తుంది. యంత్రాన్ని బతిమాలకండి, బతిమాలితే అబద్ధం చెబుతుంది అంది. చెవులమ్మ ఆ మాటను నోటుపుస్తకంలో రాసుకుంది కూడా. రాసుకున్నంత మాత్రాన ఏమవుతుంది? పుస్తకం సొరుగులో ఉంటుంది, బాలింత ఎదురుగా ఉంటుంది.

రిఫర్ అనగానే తల్లి మొహం తెల్లబోయేది. పక్కనున్న అత్తగారు కోడలి వైపు చూసే చూపు ఒకటుంటుంది, అది చూడాల్సిందే. రెండు వారాల తర్వాత రమ్మంటే సగం మంది వచ్చేవాళ్ళు కాదు. దూరం, పచ్చి ఒళ్ళు, తీసుకొచ్చే మనిషి లేకపోవడం. నెలాఖరున పైకి లెక్క పంపాలి. నూటికి నలుగురిని మించి రిఫర్ వస్తే పైనుంచి ఫోనొచ్చేది. పెద్ద డాక్టరమ్మ పిలిచి, యంత్రం మంచిదే కదా, నీ చెయ్యి కుదురుగా లేదేమో అనేది. వార్డు నర్సులేమో మంచాలు ఖాళీ చేయాలి, త్వరగా తేల్చి పంపమని తలుపు దగ్గర గొణుగుతుండేవాళ్ళు. చెవులమ్మ ఏం చేస్తుంది? మూడోసారి నొక్కింది. పాస్. ఇంకో బిడ్డకు నాలుగోసారి. పాస్. నిజానికి వాళ్ళలో దాదాపు అందరి చెవులూ బంగారంలా ఉన్నవే, కాస్త నీరు అడ్డుపడిందంతే. బిరడా కొంచెం తిప్పి, చెవి కొంచెం లాగి, బిడ్డను పక్కకు వాల్చి నొక్కే నేర్పు ఆమెకు వచ్చేసింది. చెవులమ్మ చెయ్యి పడితే పాసేనని పేరొచ్చింది. పేరంటే ఎవరికి చేదు?

ఆ పేరే ఆమెకు తాళం వేసింది. వేరే వార్డుకు మార్చమని మూడుసార్లు అర్జీ పెట్టుకుంది. మూడుసార్లూ పెద్ద డాక్టరమ్మ నవ్వి, నువ్వు పోతే ఆ గదిలో ఎవరు కూర్చుంటారు చెప్పు అని కాగితం సొరుగులో పడేసింది. పని చేతకానివాళ్ళు చక్కా మేడ మీద గాలి తగిలే వార్డుల్లో తిరుగుతున్నారు, చేతనైన పాపానికి ఈవిడ పరుపుల మధ్య ఉడికిపోతోంది. ఇంటికెళ్ళి మొగుడితో చెప్పుకుందామా అంటే, ఆయన కర్రకోత మిల్లులో పాతికేళ్ళు పనిచేసి వినికిడి సగం పోగొట్టుకున్న మనిషి. ఎంత గోడు వెళ్ళబోసుకున్నా చివర్లో ‘ఆఁ?’ అంటాడు. ఊళ్ళో చెవులన్నీ పాస్ చేయిస్తావు, ఇంట్లో రెండు చెవులు నీ వల్ల కాలేదా అని ఆయాలు ఏడిపించేవాళ్ళు.

ఆమెకు పిల్లల్లేరు. తల్లికి ఒంట్లో బాగుండని రోజుల్లో తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. తమ్ముడికి పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా పిల్లలు కలగలేదు. మరదలు తిరగని ఆస్పత్రి లేదు, మింగని మందు లేదు. తొమ్మిదో ఏట ఆడపిల్ల పుట్టింది, అదీ చెవులమ్మ పనిచేసే ఆస్పత్రిలోనే. ఆ రోజు చెవులమ్మ కాళ్ళు నేల మీద నిలవలేదు. నా మేనకోడలు, నా మేనకోడలు అని లిఫ్టు నడిపేవాడి దాకా అందరికీ చెప్పుకుంది.

రెండో రోజు పొద్దున పిల్లను తానే ఎత్తుకుని గదిలోకి తెచ్చింది. తలుపు బయట తన తల్లి, తమ్ముడు, చక్రాల కుర్చీలో మరదలు. ఫ్యాను ఆపింది. ఎడమ చెవి, రిఫర్. మళ్ళీ, రిఫర్. కుడి చెవి, రిఫర్, రిఫర్. నీరేలే అనుకుంది. బిరడా మార్చింది. పిల్లను పక్కకు వాల్చింది. ఎడమ చెవి ఆరోసారికి పాస్ అంది. కుడి చెవి మాత్రం మొండికేసింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. బయట తల్లి తలుపు మీద వేలితో కొట్టి, ఏమే ఇంతసేపు అంది. చెవులమ్మ చెమట తుడుచుకుంది. పదోసారి రిఫర్. పదకొండోసారి పాస్.

గుండెల్లోంచి బరువు దిగిపోయినట్టయింది. కాగితం మీద రెండు చెవులూ పాస్ అని రాసి, కింద సంతకం చేసి, పిల్లతో సహా బయటికొచ్చింది. మరదలు ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని వదిన కళ్ళలోకి చూసి ఏడ్చేసింది. ఎన్నిసార్లు నొక్కావని ఎవరూ అడగలేదు. ఎవరడుగుతారు?

పిల్లకు నాలుగు నెలలు నిండిన మర్నాడు చెవులమ్మ తమ్ముడింటికి వెళ్ళింది. పిల్ల చాప మీద వెల్లకిలా పడుకుని తన గుప్పిట తానే చూసుకుంటోంది. వంటింటి గుమ్మంలో చెవులమ్మ తల్లి చేతిలోంచి పెద్ద స్టీలు మూత జారి రాతి నేల మీద పడి, గిరగిరా తిరుగుతూ చెవులు చిల్లులు పడేలా మోగింది. తమ్ముడు ఉలిక్కిపడి టీ ఒంటి మీద పోసుకున్నాడు. పిల్ల మాత్రం గుప్పిట చూసుకుంటూనే ఉంది. రెప్ప కూడా కొట్టలేదు. మా బంగారుతల్లికి భయమే లేదర్రా అని తల్లి మురిసిపోయింది. తమ్ముడు నవ్వాడు. మరదలు నవ్వలేదు, వదిన వైపు చూసింది. ఆ చూపులో ప్రశ్న ఉంది. దానికి జవాబు కూడా తల్లే చెప్పేసింది. మేనత్త స్వయంగా పరీక్ష చేసింది, ఇంక మనకేం బెంగ అంది.

చెవులమ్మకు ఆ పదకొండోసారి గుర్తొచ్చింది. టీ గ్లాసు ఒళ్ళో పెట్టుకుంది. ఆ క్షణంలో నోరు తెరిచి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. తెరవలేదు. టీ తాగేసి ఇంటికొచ్చింది.

ఆ తర్వాత ఇరవై మూడు రోజులు ఆమె మనుషుల్లో లేదు. రోజు విడిచి రోజు తమ్ముడింటికి పోయేది. పిల్లంటే మేనత్తకు ఎంత ప్రాణమో అని ఇరుగుపొరుగు మెచ్చుకునేవాళ్ళు. ఆమె చేసిందేమిటంటే, ఎవరూ చూడనప్పుడు పిల్ల వెనక చేరి కాగితం నలిపేది, గాజులు కదిపేది, పిలిచేది. ఒకసారి పిల్ల చటుక్కున తల తిప్పింది. చెవులమ్మకు ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే తన నీడ గోడ మీద కదిలింది, పిల్ల చూసింది దాన్ని. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో కూర్చుని తనకు తానే సర్దిచెప్పుకునేది. కొందరు పిల్లలు నిదానం. జలుబు చేసి చెవులు మూసుకుని ఉంటాయి. ఇవే మాటలు అనే తల్లుల్ని పదమూడేళ్ళుగా తానే కసిరింది.

కక్కలేదు, మింగలేదు. చెబితే తమ్ముడి మొహం ఎలా చూడాలి? ఆ కాగితం మీద సంతకం తనది. ఒక్క ఈ పిల్లేనా? నాలుగోసారి, ఐదోసారి పాస్ రాసిన బిడ్డలు ఇంకెంతమంది? పదమూడేళ్ళ పేరు ఒక్క మాటతో కొట్టుకుపోతుంది, ఉద్యోగమూ పోవచ్చు. చెప్పకపోతేనా? ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు, వచ్చినా తన కాగితం చూపించి నోరు మూయిస్తారు. పిల్లకు రెండేళ్ళొస్తాయి, మాట రాదు, వాళ్ళ నాన్నక్కూడా ఆలస్యమేనంటారు. ఆ తర్వాత పెద్ద ఆస్పత్రి. ఆ దారి మొదటినుంచి చివరిదాకా ఆమెకు కంఠతా వచ్చు. ఆరు నెలల గీత దగ్గరపడుతోందని తెలిసిన మనిషి ఆ ఇంట్లో తనొక్కతే. ఆ గది పరుపుల గోడలు ఇప్పుడు ఎక్కడికెళ్ళినా ఆమె చుట్టూ ఉన్నట్టే ఉంది.

ఇరవై మూడో రోజున బరువు చూద్దాం, పిల్లను ఆస్పత్రికి తీసుకురమ్మని మరదలికి ఫోన్ చేసింది. అదీ అబద్ధమే. బరువు చూశాక, పాలు తాగి నిద్రపోయిన పిల్లను, మరదలిని తన గదిలోకి తీసుకెళ్ళి తలుపేసింది. ఊరికే ఇంకోసారి చూస్తానంది. ఫ్యాను ఆపింది. ఎడమ చెవి, రెండుసార్లు. కుడి చెవి, రెండుసార్లు. నాలుగూ రిఫర్.

బొటనవేలు దానంతటదే మీట మీదికి పోయింది. పదమూడేళ్ళ అలవాటు. చెవులమ్మ ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళోకి లాక్కుంది. యంత్రం బల్ల మీద పెట్టేసింది.

మరదలు చదువుకున్న మనిషి. యంత్రం అద్దం మీద ఆ అక్షరాలు చదివింది. గొంతు నెమ్మదిగానే ఉంది.

“రెండేసిసార్లే చేశారేం వదినా? ఇంకోసారి చేయండి. మీ చెయ్యి పడితే పాసవుతుందంటారుగా.”

“అవుతుందమ్మా. చేస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు అవుతుంది. అందుకే చెయ్యను.”

మరదలికి అర్థం కాలేదు. చెవులమ్మ చెప్పింది. ఆ రోజు పదకొండుసార్లు నొక్కానని, రెండుసార్లకే ఆపి రెండు వారాల తర్వాత చూడాల్సిందని, పిల్లకు వినపడటం లేదేమోనని, ఇది తేల్చే పెద్ద పరీక్ష వేరే ఉందని, తలకు తీగలు అంటించి నిద్రలో చేస్తారని, అది చేసే ఆస్పత్రికి తానే ఉత్తరం రాసిస్తానని. ఆపకుండా చెప్పింది. ఆపితే మళ్ళీ చెప్పలేనని ఆమెకు తెలుసు. మూత పడిన రోజు సంగతి కూడా చెప్పింది. అదొక్కటీ దాచుకోవచ్చు, దాచలేదు.

మరదలు పిల్లను గుడ్డలో చుట్టి భుజానికెత్తుకుని నిలబడింది. తలుపు గడియ ఎటు తిప్పాలో తెలియక రెండుసార్లు ఇటూ అటూ లాగింది. చెవులమ్మ లేచి తీసింది.

మర్నాడు పెద్ద డాక్టరమ్మ దగ్గరికెళ్ళి అంతా ఒప్పుకుంది. మెమో ఇస్తుందనో, ఇంటికి పంపేస్తుందనో అనుకుంది. నిజం చెప్పాలంటే పంపేస్తే బాగుండునని కూడా అనుకుంది. డాక్టరమ్మ కళ్ళజోడు తుడుచుకుని, ఈ మాట ఈ గది దాటకూడదంది. ఇక మీదట రెండుసార్లే, రిఫర్ ఎంత వస్తే అంత, పైవాళ్ళతో నేను మాట్లాడతానంది. వేరే మనిషి దొరికేదాకా నువ్వే చేయాలంది. ఆ వేరే మనిషి ఇప్పటికీ దొరకలేదు. యంత్రం తన పొట్టలో కిందటి మూడు వందల పరీక్షలు దాచుకుంటుంది. చెవులమ్మ అవన్నీ తిరగేస్తే, రెండుసార్లు దాటి నొక్కినవాళ్ళు ఏడుగురు తేలారు. అంతకు ముందరివాళ్ళు ఎందరో యంత్రానికే గుర్తులేదు. ఏడుగురి తల్లులకూ ఫోన్లు చేసింది. ఆరుగురు వచ్చారు, ఆరుగురూ రెండుసార్లలోపే పాస్ అయ్యారు. ఏడో నంబరు కలవదు. రోజూ మధ్యాహ్నం ఒకసారి ఆ నంబరుకు చేస్తూనే ఉంది.

పెద్ద పరీక్షకు పది రోజుల తర్వాత గానీ తారీఖు దొరకలేదు. పిల్లకు రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయని తేలింది. మిషను చెవిలో కుదరడానికి చెవి అచ్చు తీయాలి, అది చిన్నదైతే మళ్ళీ తీయాలి, మిషను రావాలి. అన్నీ వచ్చి, పిల్ల చెవులకు పెట్టే రోజుకు ఆరు నెలలు నిండి తొమ్మిది రోజులైంది. చెవులమ్మను ఎవరూ పిలవలేదు. తమ్ముడు ఆ కబురు తెలిసినప్పటినుంచి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఉత్తరం రాసింది తానే కాబట్టి అక్కడివాళ్ళను అడిగి తారీఖు తెలుసుకుని వెళ్ళి, ఆ ఆస్పత్రి వరండాలో గోడకానుకుని నిలబడింది. తలుపు సగం తెరిచే ఉంది.

అక్కడి మేడమ్ రెండు చిన్న మిషన్లు పెట్టి, మీట వేసి, మాట్లాడమ్మా అంది. మరదలికి ఏం మాట్లాడాలో తోచలేదు. అమ్మా అంది. పిల్ల నోట్లో వేలు చీకడం ఆపేసింది. కళ్ళు పెద్దవి చేసింది. మరదలు మళ్ళీ అమ్మా అంది. పిల్ల కింది పెదవి వణికింది, తర్వాత ఏడుపందుకుంది, తన ఏడుపు తనకే వినపడి చటుక్కున ఆపింది. తమ్ముడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. చెవులమ్మ తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. వరండాలో చెవులమ్మ పమిట కళ్ళకద్దుకుంటూ, నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియని స్థితిలో ఉంది.

కొంతసేపటికి మరదలు పిల్లనెత్తుకుని బయటికొచ్చింది. చెవులమ్మను చూసి ఆగింది. చెవులమ్మ చేతులు చాచబోయి, మళ్ళీ దించేసుకుంది.

“తొమ్మిది రోజులు దాటింది వదినా,” అంది మరదలు. “లోపలి మేడమ్ ఫరవాలేదంటోంది. తొమ్మిది రోజులకే ఏమీ కాదంటోంది. కాదేమో. ఆ పదకొండుసార్లు నేను మర్చిపోతాను. నా కూతురు మీద ప్రేమతో చేశారు, నాకు తెలుసు. కానీ తెలిసి తెలిసి ఇరవై మూడు రోజులు మా ఇంటికొచ్చారు. నా చేత టీ పెట్టించుకుని తాగారు. ఇది నన్ను చూసి నవ్వుతుంటే నేను పాడుతూ కూర్చునేదాన్ని, మీరు పక్కనే ఉన్నారు.”

ఆమె గొంతు పెంచలేదు. పిల్ల చెవి దగ్గర మిషను ఊడబోతుంటే వేలితో సర్దింది.

“ఆ పాటలేవీ దానికి వినపడలేదని మీకు తెలుసు.”

చెవులమ్మ ఔనంది. మరదలు మెట్లు దిగి వెళ్ళిపోయింది.